వియ్యంకుడి సన్మాన కచేరీ

ఊదారంగు పట్టు గౌనును కోరిన్ బకెట్లో ముంచి, అది పైకి తేలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

"ఇప్పుడెలా వెళ్తావో చూస్తాను కచేరీకి," అంది.

యూలలీ స్టవ్వు దగ్గర నుంచి కదల్లేదు. పాలు పొంగేదాకా ఆగి, మంట తగ్గించి, అప్పుడు తిరిగి బకెట్లోకి చూసింది.

"మీ నాన్న బతికుండగా కొనిపెట్టింది. నీళ్ళు తగిలితే ముడుచుకుపోతుంది పట్టు."

"తెలిసే ముంచాను."

"సరే. నల్లది ఉందిగా. మీ మామయ్యను సాగనంపిన రోజు వేసుకున్నది. ఆలోచిస్తే రేపటికి అదే బాగుంటుంది."

కోరిన్ చేతులు నీళ్ళలోంచి తీసింది. మోచేతుల దాకా తడి, తుడుచుకోలేదు. బడిలో గదినిండా పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే మనిషి. తల్లి ముందు మాత్రం ముందు గొంతు పెరిగేది, ఆ తర్వాత వణికేది.

"ఇసిడోర్ మందుల మత్తులో అన్నాడేమోనమ్మా. ఆస్పత్రిలో ఆఖరి ఘడియల్లో ఉన్నవాడికి జరిగిందేదో, కల ఏదో ఏం తెలుస్తుంది?"

"మత్తులో ఉన్నవాడు కోటు ఏ కొక్కేనికి వేలాడుతోందో కూడా చెప్తాడా?" యూలలీ కాఫీలో పాలు పోసి కూతురి వైపు జరిపింది. "మెంఫిస్‌లో మేం దిగిన ఇంట్లో, పోలీసులు మెట్లెక్కుతున్న చప్పుడు విని, మీ మామగారు లియాండర్ తన జేబులోంచి ఆ మత్తుమందు పొట్లం తీసి న్యూమా కోటులో దోపాడు. న్యూమా అప్పుడు స్నానం చేస్తున్నాడు. పాడుకుంటూ చేస్తున్నాడట. ఇసిడోర్ మంచం మీద కూర్చుని చూశాడు. చూసి, ఇన్నేళ్ళూ నోరు మూసుకుని లియాండర్ వెనకాల డ్రమ్ములు కొట్టాడు."

కోరిన్ కాఫీ ముట్టుకోలేదు.

ఆ పొట్లం యూలలీ తమ్ముడు న్యూమా ఫాంటెనెట్‌ను ఆరేళ్ళు జైల్లో పెట్టించింది. అక్కడ ఒక కాపలావాడి లాఠీ దెబ్బకు అతని దవడ విరిగింది. సరిగా అతకలేదు. ట్రంపెట్ వాయించేవాడి దవడ పోతే ఇంకేం మిగులుతుంది? తిరిగొచ్చాక ఒక హోటల్లో గిన్నెలు కడిగాడు. సాయంత్రాలు ట్రెమే పేటలోని ఈ ఇంటి మెట్ల మీద కూర్చునేవాడు. పక్కింటి రేడియోలో లియాండర్ క్లారినెట్ వినిపిస్తే లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు. తలుపు గట్టిగా వేసేవాడు కూడా కాదు.

"మామయ్యకు తెలుసా?" అని కోరిన్ చివరికి అడిగింది. "ఎవరు చేశారో?"

"తెలుసట. జైలుకు వెళ్ళిన మొదటి నెలలోనే ఇసిడోర్ వెళ్ళి ఏడ్చి చెప్పాడట. న్యూమా ఎవరికీ చెప్పొద్దన్నాడట."

"అయితే నా పెళ్ళినాటికి..."

"తెలుసు. తెలిసే నీ చెయ్యి పట్టుకుని చర్చిలోకి నడిపించాడు. తెలిసే లియాండర్‌తో చేతులు కలిపాడు."

కోరిన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. చిన్నప్పుడు రొయ్యలు ఒలవడం నేర్పిన మామయ్య, మెత్తటి అన్నం తప్ప ఇంకేదీ నమలలేని మామయ్య, తన పెళ్ళిలో లియాండర్ కొడుకు చేతిలో తన చెయ్యి పెట్టి నవ్వాడు. ఆ నవ్వు వంకరగా ఉండేది. దవడ వల్ల.

"ఆయనే వదిలేశాడు కదమ్మా. నా కోసం వదిలేశాడు. ఆయన వదిలేసినదాన్ని నువ్వెందుకు తవ్వుతావు?"

"వాడు వదిలేశాడు. నేను వదల్లేదు."

"డెజ్మండ్ ఏం చేశాడు? వాళ్ళ నాన్న పాపం అతనికెందుకు? నా కూతురికి ఆయన తాత. రేపు ఊరంతా ఆయన్ని సన్మానిస్తోంది. నువ్వు మైకు అందుకుని చెప్పేస్తే ఆ తర్వాత నేనెక్కడ కాపురం చేయాలి?"

"మైకులో అదేమీ చెప్పను."

కోరిన్ తల ఎత్తి చూసింది.

"ఒట్టు," అంది యూలలీ. "మెంఫిస్ మాట, పొట్లం మాట రేపు నా నోట్లోంచి రాదు. నేను పియానో వాయించేదాన్ని. పిలిచారు, వెళ్తాను, వాయించి వస్తాను."

ఆమె అంత తేలిగ్గా మాట ఇవ్వడం కోరిన్‌కు నచ్చలేదు. తల్లి ఏదైనా తేలిగ్గా ఇచ్చేసిందంటే, అది ఆమెకు అక్కర్లేనిదని అర్థం.

"నేను డెజ్మండ్‌కి చెప్తాను. ముందే చెప్పేస్తే మంచిది."

"చెప్పు. వాడు ఎవరి కొడుకో గుర్తుపెట్టుకుని చెప్పు."

బయట కారు హారన్ రెండుసార్లు మోగింది. కోరిన్ కంగారుగా బకెట్‌ను కాలితో బల్ల కిందికి తోసింది.

లియాండర్ ఎప్పుడూ తలుపు తట్టి లోపలికి వచ్చిన మనిషి కాదు. ముందు అతని టోపీ వచ్చేది, వెనక నవ్వు, ఆ వెనక అతను. డెబ్బై దాటినా నడుము వంగలేదు. గోధుమరంగు సూటు, జేబులో రుమాలు, చేతిలో పంచదార పాకంలో చేసిన పీకన్ గింజల బిళ్ళల పొట్లం. వరుసగా గదులన్నీ దాటుకుంటూ వంటింటిదాకా వచ్చి, గోడవారనున్న పాత పేముకుర్చీలో కూర్చున్నాడు. న్యూమా కూర్చునే కుర్చీ అది. ఈ ఇంట్లో ఇంకెవరూ అందులో కూర్చోరు. లియాండర్ మాత్రం ఎప్పుడూ కూర్చుంటాడు.

"నా కోడలుపిల్ల మొహం ఏంటలా ఉంది? మా వాడు రాత్రి ఇంటికి రాలేదా ఏంటి?"

"తలనొప్పి మామగారూ," అని కోరిన్ లేచి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. ఆ గిన్నెలు కడిగినవే.

"రిహార్సల్‌కి తీసుకెళ్దామని వచ్చాను, లాలీ. నువ్వు బస్సులో వస్తే నాకు పరువు తక్కువ." లియాండర్ పొట్లం విప్పి తనే ఒక బిళ్ళ నోట్లో వేసుకున్నాడు. "విన్నావా, పార్కులో నాకు విగ్రహం పెడతారట. పావురాలకు ఇంకో చోటు దొరికింది."

"ఏ వయసులో ఉన్నప్పటిది పెడతారు?" అంది యూలలీ.

"అందంగా ఉన్నప్పటిది."

"అయితే వెతుక్కోవాలి పాపం."

అతను పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నలభై ఏళ్ళుగా వాళ్ళిద్దరూ ఇలాగే మాట్లాడుకుంటున్నారు. తోముతున్న గిన్నె కోరిన్ చేతిలో ఆగిపోయింది. తల్లి నవ్వు ఎప్పటిలాగే ఉంది. అదే భయం వేసింది ఆమెకు.

లియాండర్ కోటు లోపలి నుంచి మడతపెట్టిన పోస్టరు తీసి బల్ల మీద పరిచాడు. ఊరు గర్వించే మహా కళాకారులకు నీరాజనం అని పైన పెద్ద అక్షరాలు. కింద నాలుగు బొమ్మలు. ముగ్గురు పోయినవాళ్ళు, వాళ్ళలో ఇసిడోర్ ఒకడు. నాలుగోది లియాండర్. కుర్రతనంలో క్లారినెట్ పట్టుకుని నవ్వుతున్న ఫోటో. యూలలీకి ఆ ఫోటో తెలుసు. ఒకప్పటి తమ బ్యాండులో నలుగురూ కలిసి తీయించుకున్నది. అందులో లియాండర్ పక్కన నిలబడిన న్యూమాను కత్తిరించేశారు. కత్తిరించినవాడు చూసుకోలేదు, లియాండర్ భుజం మీద న్యూమా చెయ్యి మిగిలిపోయింది. వేళ్ళ దాకా స్పష్టంగా ఉంది.

యూలలీ ఆ చేతిని చాలాసేపు చూసింది.

"కోపం వచ్చిందా?" లియాండర్ గొంతు తగ్గింది. "నేను అడిగాను లాలీ. న్యూమా బొమ్మ కూడా వేయమని అడిగాను. కమిటీవాళ్ళు జైలుకెళ్ళిన మనిషి అన్నారు. పిల్లలు కూడా వస్తారు కదా అన్నారు. నేనేం చెప్పను?"

"నిజమే. నువ్వేం చెప్తావు?"

"బంగారంలాంటివాడు. ఆ పాడు అలవాటే లేకపోతే..." లియాండర్ కళ్ళు నిజంగానే తడి అయ్యాయి. "ఎన్నిసార్లు చెప్పానో వాడికి. మానేయరా, అది నిన్ను తినేస్తుందిరా అని. నువ్వూ చెప్పావు. విన్నాడా?"

కోరిన్ కుళాయి కట్టేసింది.

యూలలీ మనసులో వేరే గది, వేరే రోజు. జైలులో గాజు పలక అవతల న్యూమా. 'నాది కాదక్కా' అన్నాడు. 'నీది కాకపోతే నీ కోటులోకి ఎలా వచ్చింది?' అంది తను. వాడు ఆమె వైపు ఒక్క నిమిషం చూశాడు. మళ్ళీ బతికున్నంతకాలం ఆ మాట ఎత్తలేదు.

"అవును," అంది ఆమె నెమ్మదిగా. "నువ్వు చెప్పావు. నేనూ చెప్పాను."

లేచి, నల్ల గౌను ఇస్త్రీకి తీసి పెట్టి, చేతిసంచీ అందుకుంది.

"పద. ఆలస్యమైతే పియానో శ్రుతి చేసేవాడు వెళ్ళిపోతాడు."

గడప దాటుతూ లియాండర్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "రేపు పాటలో కొంచెం మెల్లగా తీసుకెళ్ళు నన్ను. నీకు చెప్పడానికి సిగ్గేంటి, ఊపిరి మునుపటిలా లేదు. పళ్ళు కూడా కట్టుడువి. మెల్లగా అయితే ఇప్పటికీ ఏడిపించగలను జనాన్ని."

"నీ ఊపిరి ఎంతో నాకు తెలియదా?" అంది యూలలీ.

కోరిన్ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. మెట్లు దిగుతున్న ముసలాయన చేతిని తల్లి జాగ్రత్తగా పట్టుకుని ఉంది.

*

పార్కు పక్కనున్న పాత హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి రావడం లేదు. వేదిక మీద డెజ్మండ్ డ్రమ్ములు సర్దుకుంటున్నాడు. తండ్రి అంత పొడుగు, తండ్రిలో లేని నెమ్మది. యూలలీ అల్లుడిని మొదటి నుంచీ ఇష్టపడటానికి ఆ నెమ్మదే కారణం. చనిపోయే ముందు ఏడాదంతా న్యూమాకు గడ్డం గీసింది అతనే. వంకర దవడ మీద కత్తి ఎలా నడపాలో అతనికి తప్ప ఎవరికీ చేతనయ్యేది కాదు.

రిహార్సల్ చిన్నదే. చివరి పాట 'మిస్ క్లోటిల్డ్ కోళ్ళు'. లియాండర్‌కు పేరు తెచ్చిన పాట. అతని క్లారినెట్‌లో అది దిగులుగా, నెమ్మదిగా, ఎవరో వెళ్ళిపోతుంటే వీధి చివరిదాకా చూస్తున్నట్టు ఉంటుంది. ఆ పాటతో ఎంతమంది పెళ్ళిళ్ళలో ఏడ్చారో, ఎంతమంది చావుల్లో ఏడ్చారో లెక్క లేదు.

యూలలీ ఆ రోజు అతనికి పట్టుపరుపు పరిచినట్టు వాయించింది. అతను ఊపిరి తీసుకోవాల్సిన ప్రతిచోటా తను రెండు స్వరాలు ఎక్కువ వేసి వేచి ఉంది. లియాండర్ కళ్ళు మూసుకుని వాయించాడు. హాలు ఊడుస్తున్నవాళ్ళు ఆగి విన్నారు.

అయ్యాక అతను వచ్చి ఆమె నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. "నీలాంటి మనిషి ఇంకొకరు లేరు లాలీ," అని చెప్పి, తనకోసం ఎదురుచూస్తున్న విలేకరుల దగ్గరికి వెళ్ళాడు.

డెజ్మండ్ మెల్లటి పాటలకు డ్రమ్ము మీద రాసే తీగల కుంచెలు పక్కన పెట్టి పియానో దగ్గరికి వచ్చాడు.

"అత్తయ్యా, కోరిన్ వారంగా నాతో సరిగా మాట్లాడటం లేదు. నేనేమైనా చేశానా?"

"నువ్వేం చేయలేదు."

"ఇంకెవరైనా చేశారా?"

యూలలీ పియానో మూత మీద చేతులు పెట్టి కూర్చుంది.

"పోనీలే," అన్నాడతను. "ఒకటి అడుగుతాను. ఈ పాట న్యూమా మామ కట్టిందని ఆయన ఒకసారి గడ్డం గీస్తుంటే చెప్పాడు. ఇది ఏడ్చే పాట కాదు, నవ్వే పాట అన్నాడు. నాన్నని అడిగితే మాట మార్చేశాడు."

"నవ్వే పాటే. మా పక్కింటి క్లోటిల్డమ్మ కోళ్ళు గోడ దూకి మా పెరట్లోకి వచ్చేవి. ఆవిడ చీపురు పట్టుకుని వాటి వెనక పరుగు. ఆ పరుగే ఈ పాట. మీ నాన్న దాన్ని కుంటించాడు."

"ఎంత వేగంగా వాయించేవారు?"

యూలలీ పియానో మూత మీద వేళ్ళతో కొట్టి చూపించింది. డెజ్మండ్ కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత పిల్లాడిలా నవ్వాడు.

"అమ్మో. అంత పరుగా? దీన్ని మామ వాయించేవాడా?"

"వాయించేవాడు. మీ నాన్న అప్పట్లో కూడా వెనకబడేవాడు." ఆమె అల్లుడి మొహంలోకి చూసింది. "రేపు ఆ వేగంలో ఎత్తుకుంటే నువ్వు పట్టుకోగలవా?"

"నేను పట్టుకుంటాను. నాన్న పట్టుకోలేడు."

"ఒక్కసారి అలా తిప్పి, తర్వాత మెల్లగా దించేద్దాం. మీ నాన్న సంగతి నేను చూసుకుంటాను. న్యూమా పేరు ఎవరూ తలవడం లేదు డెజ్మండ్. వాడి పాటైనా వాడి నడకలో ఒక్కసారి వినిపిద్దాం. మీ నాన్నకు చెప్పకు. సంతోషిస్తాడు, హఠాత్తుగా వింటే."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో ఏ తేడా లేదు. న్యూమా గడ్డం గీసిన ఆ చేతులతోనే ఈ పని చేయించుకుంటున్నానని ఆమెకు తెలుసు. అది కాసేపు గుండెల్లో కలుక్కుమంది. పోస్టరు మీద మిగిలిన చెయ్యి గుర్తొచ్చింది. కలుక్కుమన్నది పోయింది.

"సరే అత్తయ్యా," అన్నాడు డెజ్మండ్. "మామ కోసం."

*

ఆదివారం మధ్యాహ్నం, చర్చిల నుంచి జనం సరాసరి హాలుకే వచ్చారు. టోపీలు, విసనకర్రలు, ఇస్త్రీ మడతలు. పోయిన ముగ్గురి కోసం కుర్ర బ్యాండ్లు వాయించాయి. ఇసిడోర్ కోసం డ్రమ్ములు మోగుతున్నప్పుడు జనం లేచి నివాళిగా రుమాళ్ళు తిప్పారు. యూలలీ పక్కతెర దగ్గర నిలబడి చూసింది. ఆమె చేతిలోనూ రుమాలు ఉంది. తిప్పలేదు.

అల్లుడితో ఆమెకు పొద్దుటి నుంచి మాట కలవలేదు. అతను తిన్నగా వచ్చి డ్రమ్ముల వెనక కూర్చున్నాడు. చెమటలు పడుతున్నాయి, అందరికీ పడుతున్నాయి. మొదటి వరసలో కోరిన్ కూర్చుని ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. తల్లి చూసినప్పుడు ఆమె చూపు దించుకుంది.

కమిటీ పెద్దమనిషి లియాండర్ మెడలో పతకం వేసి, ఇలాంటి మనసున్న మనిషిని తను చూడలేదన్నాడు. లియాండర్ మైకు అందుకున్నాడు.

"ఈ పతకం నాది కాదు," అన్నాడు. "నాతో నడిచినవాళ్ళందరిదీ. నడుస్తూ దారి తప్పినవాళ్ళది కూడా. వాళ్ళను మనం క్షమించాలి."

హాలంతా చప్పట్లు. దారి తప్పినవాళ్ళు. యూలలీ ఆ మాటను నోట్లో ఒకసారి తిప్పుకుంది. క్షమించాలట.

అప్పటిదాకా ఏ మూలో కాస్త సందేహం ఉండేది ఆమెకు. వెళ్ళి పియానో ముందు కూర్చునేసరికి అది లేదు.

రెండు పాటలు మెల్లగా సాగాయి. లియాండర్ హాయిగా వాయించాడు. మూడోదానికి ముందు యూలలీ వంగి, పియానో దగ్గరి మైకు తన వైపు తిప్పుకుంది. మొదటి వరసలో కోరిన్ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది.

"ఈ పాట కట్టింది నా తమ్ముడు న్యూమా ఫాంటెనెట్," అంది యూలలీ. "వాడు ఎలా వాయించేవాడో అలాగే వాయిస్తాం."

అంతే. ఇంకొక్క మాట లేదు. ఇచ్చిన ఒట్టు తప్పలేదు. పెద్దవాళ్ళు కొందరు ఆ పేరు విని తలలూపారు. ఎవరో వెనక నుంచి "న్యూమా" అని పిలిచారు, పేరంటానికి పిలిచినట్టు.

లియాండర్ నవ్వుతూ ఆమె వైపు తిరిగాడు. ఆమె కాలు ఆ వేగంతో నేలను కొట్టడం చూశాడు. ఆ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, కళ్ళలోంచి మాత్రం పోయింది.

కోళ్ళు గోడ దూకాయి.

పియానో పరుగెత్తింది. డెజ్మండ్ పుల్లలు ఇత్తడి తాళం మీద వానలా పడ్డాయి. జనం ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత కేకలు వేస్తూ లేచారు. ఏడవడానికి వచ్చినవాళ్ళు నవ్వుతున్నారు. ముసలివాళ్ళ మోకాళ్ళు కదులుతున్నాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత న్యూమా ఆ హాల్లోకి నడిచి వచ్చినట్టుంది.

లియాండర్ వంతు వచ్చింది.

మొదటి చరణం ఎలాగో అందుకున్నాడు. రెండోదాంట్లో వేళ్ళు తడబడ్డాయి. క్లారినెట్ ఒకసారి కీచుమంది. ఎవరో నవ్వారు, వేళాకోళమనుకుని. మళ్ళీ కీచుమంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అతను ఊపిరి కోసం ఆగాడు. యూలలీ ఆగలేదు. రిహార్సల్లో తను వేచి ఉన్న చోటల్లా ఇప్పుడు ముందే వెళ్ళిపోయింది. అతను అందుకోబోయిన ప్రతిసారీ పాట ఒక అడుగు ముందు ఉంది.

మెల్లగా అన్నట్టు అతను చెయ్యి ఊపాడు. ఆమె చూసింది. చూసి వేళ్ళు ఇంకా బలంగా దించింది. ఆరేళ్ళు, అనుకుంది. గాజు పలక, అనుకుంది. మెత్తటి అన్నం. పేముకుర్చీ.

విసనకర్రలు ఆగిపోయాయి. జనం ఒక్కొక్కరే కూర్చుంటున్నారు. ఊరు ప్రేమించే మనిషి ఊరి ముందు చేతకానివాడవుతుంటే ఎటు చూడాలో వాళ్ళకు తెలియడం లేదు. ముందు వరసలో కమిటీ పెద్దమనిషి తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. యూలలీ కోరుకున్నది ఇదే. కళ్ళు తిప్పుకునే ఆ మొహాలు. జైలు నుంచి వచ్చిన న్యూమా వీధిలో నడుస్తుంటే ఇలాగే తిప్పుకునేవాళ్ళు.

లియాండర్ పెదవి చివర రక్తం కనిపించింది. కట్టుడుపళ్ళు కోసుకున్నట్టున్నాయి. మెడలో పతకం ఊగుతోంది. అతని మొహం బూడిద రంగుకు తిరిగింది. ఒక చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది.

చాలు, అనుకుంది యూలలీ.

ఆ మాట తన లోపలి నుంచి వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇంకా కోపం ఉంది. కానీ చావు వద్దు. చావు ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఆమె ఎడమ చెయ్యి పైకెత్తి, అరచేయి కిందికి వంచి అల్లుడికి సైగ చేసింది. దించు. మెల్లగా దించు.

డెజ్మండ్ ఆ సైగ చూశాడు. వేగం దించలేదు.

చూడలేదేమోనని ఆమె మళ్ళీ చెయ్యి వంచింది. అతను తిన్నగా ఆమె కళ్ళలోకి చూశాడు. అప్పుడు చూసింది ఆమె, అతని చెంపల మీద కారుతున్నది చెమట కాదని. మొదటి వరసలో కోరిన్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. చెప్పేసింది. పొద్దుటే ఎప్పుడో మొగుడికి అంతా చెప్పేసింది. కోరిన్ భయపడింది తల్లి గురించి. మొగుడి గురించి భయపడాలని ఆమెకు తోచి ఉండదు.

"డెజ్మండ్," అంది యూలలీ పియానో మీదుగా. "చాలు. దించు."

"మామ ఇంతకంటే వేగంగా వాయించేవాడా అత్తయ్యా?" అని అడిగాడతను.

గొంతు మామూలుగానే ఉంది. న్యూమాకు గడ్డం గీస్తూ, నొప్పి పుడుతోందా మామా అని అడిగేటప్పుడు ఉండే గొంతు.

జవాబు కోసం ఆగలేదు. పుల్లలు ఇంకా బలంగా పడ్డాయి, ఇంకా వేగంగా. పాట పరుగు మానేసి తరమడం మొదలుపెట్టింది. బేస్ వాయిస్తున్న కుర్రవాడు అందుకోలేక తీగలు వదిలేశాడు.

లియాండర్ వెనక్కి తిరిగాడు. కొడుకు మొహం చూశాడు. చాలాసేపు చూశాడు, ఆ వేగంలో కూడా అతనికి చూడటానికి తీరిక దొరికింది. ఏం తెలిసిందో, ఎవరు చెప్పారో అతను అడగాల్సిన అవసరం లేకపోయింది.

యూలలీ పియానో మీద నుంచి రెండు చేతులూ తీసేసింది.

డ్రమ్ము ఆగలేదు.

లియాండర్ ముంజేత్తో పెదవి తుడుచుకుని, కొడుకు మీద నుంచి చూపు తిప్పకుండా, క్లారినెట్‌ను మళ్ళీ నోటికి ఆనించాడు.